కంచు తాబేలు

గుహ్యకుడు లంబోష్ఠుడు ఆవులించాడు. ఆ ఆవులింత గాలికి గుహ కప్పునుంచి రెండు గబ్బిలాలు ఊడి కిందపడి, కిచకిచలాడుకుంటూ మళ్లీ పైకి ఎగిరాయి.

"సూర్యుడింకా మొహం కడుక్కోలేదు, మీరు తలుపు తట్టేశారు" అన్నాడు రొమ్ముల దాకా వేలాడుతున్న కింది పెదవిని చేత్తో పైకెత్తి పట్టుకుని. "కుబేరుడి సొత్తుకు కాపలా కాసేవాడికి నిద్ర అక్కర్లేదనా మీ ఉద్దేశం? చెప్పండి, ఎవరు మీరు? ఏం కావాలి?"

"అయ్యా, నా పేరు బొప్పన. తామ్రగిరి కోటలో భేరులకు తోలు బిగించేవాణ్ణి" అని చేతులు జోడించాడు యువకుడు. పక్కనున్న తెల్ల తలపాగా వ్యక్తి పెట్టుడు మీసాన్ని సర్దుకుంటూ, "నేను మైలమదేవిని. ఆ రాజ్యపు రాకుమారిని. దారిలో శత్రువుల కంట పడకూడదని ఈ వేషం" అన్నది.

లంబోష్ఠుడు ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "మీసం వంకరగా ఉంది తల్లీ. సరే, సంగతేమిటి?"

సంగతి చిన్నది కాదు. మూడు రోజుల కిందట వక్రనాభుడనే మాంత్రికుడు తామ్రగిరి కోట ముందు మైదానంలో ఒక్క పిడికెడు బూడిద చల్లి, మూడువేల గుర్రాల దళాన్ని నిలుచున్నవాళ్లను నిలుచున్నట్టే శిలలు చేశాడు. ఏనుగు మీద మహారాజు రాయి అయిపోయాడు. అందరికంటే ముందు గుర్రం మీద నగారా మోగిస్తూ నడిచిన గుండన రాయి అయిపోయాడు. ఆ గుండన బొప్పనకు అన్న. అమ్మా నాన్నా పోయాక బొప్పనకు అన్నం కలిపి పెట్టినవాడూ, చేతిలో కొయ్యసుత్తి పెట్టినవాడూ, సుత్తి సరిగ్గా పట్టనందుకు నెత్తిన మొట్టినవాడూ అతనే.

కోట బురుజు మీది మేఘభేరి తన సిసలైన నాదంతో మోగితే ఏ శిలాశాపమైనా విడిపోతుందని ఆ రాజ్యంలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. వక్రనాభుడికీ తెలుసు. అందుకే ముందుగా ఆ భేరి తోలును కాల్చేశాడు. బొప్పన ఒక్క పగటిలో అడవిదున్న తోలు తెచ్చి కొత్తగా కప్పాడు. అది చూసి మాంత్రికుడు కోట చుట్టూ నూరు రాతిశంఖాలు నాటించాడు. ఊదేవాడు లేకుండానే అవి రాత్రింబవళ్లు హోరెత్తుతున్నాయి. పక్కవాడి మాటే పక్కవాడికి వినపడని ఆ మోతలో తోలు శ్రుతి కుదిరిందో లేదో ఏ చెవికి తెలుస్తుంది? శ్రుతి కుదరని భేరిని ఎంత బాదినా శిలలు కదలవు. నాలుగో రోజు సూర్యుడు నడినెత్తి దాటితే ఆ రాళ్లు ఇక ఎప్పటికీ రాళ్లే. ఆ నాలుగో రోజు ఇదే.

"శ్రుతి పట్టే సాధనం కావాలన్నమాట!" అన్నాడు లంబోష్ఠుడు. ఒక్కసారిగా అతని నిద్రమత్తు ఎగిరిపోయింది. ఎన్నో ఏళ్లుగా కొట్టు తెరిచి కూచుని బోణీ కాని వర్తకుడికి గిరాకీ కనిపించినట్టయింది. "రండి, రండి! లోపలికి రండి!"

లోపలి గుహ చూసి ఇద్దరికీ ఊపిరి ఆగింది. పద్మరాగాలు పొదిగిన స్తంభాలు, వాటికి చుట్టుకుని పగడపు లతలు, ఆ లతల సందుల్లో కన్నార్పకుండా వెలుగుతున్న నాగమణులు. నేల పొడుగునా పరుచుకున్న చంద్రకాంత శిలలు, వాటి చెమ్మలో కాళ్లు పెట్టిన చోటల్లా చిన్న చిన్న వెన్నెల మడుగులు. గోడలనిండా వీణలు, వేణువులు, మృదంగాలు, ఏనాడో స్వర్గంలో మోగి మానేసిన వాద్యాలు వేలాడుతున్నాయి. వాటి నడుమ పాలరాతి అరుగు మీద మూడు వస్తువులు పట్టుగుడ్డ కప్పుకుని ఉన్నాయి.

లంబోష్ఠుడు మొదటి గుడ్డ లాగాడు. పచ్చల కళ్లతో బంగారు చిలక. "ఏ వాద్యం ఏ స్వరంలో మోగాలో ఈ చిలక నోటితో పలికి చూపిస్తుంది. దాని పలుకు విని, నీ తోలును దానికి కలుపుకోవడమే. గంధర్వులంతా దీన్నే వాడేవారు. తీసుకో, ఇంకేం ఆలోచించకు!"

మైలమదేవి ముచ్చటపడి చెయ్యి చాచింది. బొప్పన మాత్రం, "అయ్యా, నూరు శంఖాల మోతలో దీని పలుకు వినపడుతుందా?" అని అడిగాడు.

గుహ్యకుడి పెదవి మరో బెత్తెడు కిందికి జారింది. "వినపడదు. అంతఃపురంలో, నాలుగు పరదాల మధ్య అయితే..."

"రెండోది చూపించండి."

రెండోది వెండి గిన్నె. అందులో నీళ్లు పోసి వాద్యం పక్కన పెడితే, శ్రుతి కుదిరిన క్షణాన నీళ్లమీద ఎనిమిది రేకుల పద్మం ఏర్పడుతుందట. "చెవితో పనిలేదు. కళ్లుంటే చాలు" అన్నాడు లంబోష్ఠుడు ధీమాగా.

"శంఖాల మోతకు మా కోటలో బానల్లో నీళ్లు కూడా వణుకుతున్నాయి. గిన్నెలో నీళ్లు వణకవా?"

"వణుకుతాయి" అని ఒప్పుకున్నాడు గుహ్యకుడు. అబద్ధం చెప్పేవాడు కాడతను. అందుకే కాబోలు అంత కాలం బోణీ కాలేదు. మూడో గుడ్డను ఉత్సాహం లేకుండానే తీశాడు.

అరచేతి వెడల్పున కంచు తాబేలు. నాలుగు పొట్టి కాళ్లు, బరువైన ఒళ్లు. కడుపులోంచి చిటికెనవేలంత మేకు కిందికి దిగి ఉంది. వీపు మీద చుట్టూ అరవై గీతలు, నడుమ ఒక ముల్లు. "దీన్ని తోలు మీద నిలబెట్టాలి. తోలు వదులుగా ఉంటే మేకు కిందికి దిగుతుంది, బిగువుగా ఉంటే పైకి తన్నుకొస్తుంది. ఎంత బిగువో వీపు మీది ముల్లు చెబుతుంది. అంతే. ఇది పాడదు, వినదు. బిగువు చెబుతుందిగానీ నాదం చెప్పదు. చెవిటిముండ. అందుకే ఎవరూ తీసుకుపోలేదు."

బొప్పన మొహం వికసించింది. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత కదయ్యా. వక్రనాభుడు నూరు శంఖాలు ఊదుతున్నాడు. అతనికి సరైన జోడు ఈ చెవిటిదే. దీన్నే ఇప్పించండి!"

లంబోష్ఠుడు గుహ అదిరేలా నవ్వాడు. తాబేలు కడుపు తిప్పి చూపించాడు. అక్కడ పాత లిపిలో 'మేఘభేరికి నలభై ఒకటి' అని చెక్కి ఉంది. "మీ కోట భేరికోసం చేసిందేరా అబ్బాయ్. ఇక రెండు మాటలు విను. ఎంచుకున్నవాళ్ల చేతిలోంచి దీన్ని బలవంతంగా లాక్కోవడం ఎవరి తరమూ కాదు, లాక్కున్న చెయ్యి బూడిదవుతుంది. రెండోది, ఎంచుకున్నాక 'అయ్యో, అది తీసుకుని ఉంటే బాగుండేది' అన్నారో, అన్నవాళ్లు అక్కడే స్తంభమైపోతారు. నా సరుకు మీద పెదవి విరిస్తే నాకు గిట్టదు."

అతని పెదవి పొడుగు చూసి మైలమదేవి నవ్వాపుకుంది. ఇద్దరూ దండం పెట్టి గుర్రాలెక్కారు.

కోట మూడామడల దూరం. కొండవాగుల మీదుగా, ముళ్లకంపల మీదుగా, గుర్రాల నోట నురగలు కక్కేలా పరుగెత్తించారు. ఎర్రేటి రేవు దగ్గర మాత్రం ఆగక తప్పలేదు. అక్కడ వక్రనాభుడి భూతభటులు నలుగురు ఈటెలు అడ్డం పెట్టారు. మూట విప్పమన్నారు. మైలమదేవి చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది.

"ఓరి మీ దుంపతెగ! నా మనవళ్లనురా మీరాపేది?" అంటూ రేవు ఒడ్డున చల్లకుండ ముందు పెట్టుకుని కూచున్న ముసలవ్వ కర్ర పట్టుకుని లేచింది. "రోజూ మీకు చల్ల పోస్తున్నానే, ఆ విశ్వాసమన్నా లేదురా? పొండి అవతలికి!" భటులు గొణుక్కుంటూ తప్పుకున్నారు.

అవ్వ ఇద్దరికీ చెరో ముంత చల్ల పోసింది. మైలమదేవి గుటగుటా తాగేసింది. పెట్టుడు మీసం ఒక కొస చల్లలో తడిసి ఊడి వేలాడింది. అవ్వ చూసీ చూడనట్టు ఊరుకుని, బొప్పన ఒడిలోని మూటను చూపిస్తూ, "అందులో ఏముంది నాయనా?" అంది. ఆపదలో ఆదుకున్న మనిషి. బొప్పన మూట విప్పి చూపించాడు.

"కూర్మమూర్తి!" అవ్వ చెంపలు వేసుకుంది. "సాక్షాత్తూ స్వామిని పసుపూ బొట్టూ లేకుండా మోసుకుపోతున్నారా! అపచారం, అపచారం. కార్యం జయం కావాలంటే ఇలా తేండి." కొంగున కట్టిన పసుపుముద్ద తీసి, తాబేలు వీపుకు, తలకు, నాలుగు పాదాలకు పూసి, కుంకుమబొట్టు పెట్టి, నెత్తిన నీళ్లు చల్లింది. పాదాలకు పసుపు రాస్తుంటే కాదనేవాళ్లెవరు? ఇద్దరూ అవ్వ కాళ్లకు దండం పెట్టి మరీ బయలుదేరారు.

కోట చేరేసరికి బురుజు మీది ధ్వజస్తంభం నీడ మూడు జానల పొడుగుంది. అది దాని మొదట్లోకి కుంచించుకుపోయిందంటే మిట్టమధ్యాహ్నమే. శంఖాల మోత చెవుల్లో సీసం పోసినట్టుంది. కోటలో జనం చెవుల్లో దూది కుక్కుకుని చేతిసైగలతో మాట్లాడుకుంటున్నారు. బొప్పన బురుజు మెట్లు మూడేసి చొప్పున ఎక్కాడు. పైన మేఘభేరి. పన్నెండు మంది చేతులు కలిపితేగానీ చుట్టుకురాని రాగి డొక్క, ఆకాశానికి మొహం పెట్టి పడుకుంది. దాని అంచు చుట్టూ పన్నెండు తోలుపగ్గాలు, ఒక్కో పగ్గం కింద ఒక్కో చెక్కచీల. చీలను దిగగొడితే ఆ పగ్గం బిగుస్తుంది, పగ్గం బిగిస్తే ఆ చోట తోలు బిగుస్తుంది. బురుజు కింద మైదానం నిండా బూడిదరంగు గుర్రాలు, బూడిదరంగు మనుషులు. అన్నిటికంటే ముందు, నగారా మీద కర్ర ఎత్తిన చేత్తో గుండన. అతని భుజం మీద కాకి ఒకటి కూచుని ఈకలు దువ్వుకుంటోంది.

మైలమదేవి తాబేలును తోలు మీద పెట్టబోతుంటే అతను చెయ్యి పట్టి ఆపాడు. తోలు బిగించేవాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. ఏ కొలతసాధనాన్నయినా రాతిమీద పెట్టనిదే తోలుమీద పెట్టరు. కదలని రాయి మీద సాధనం నిజం చెప్పిందా, అప్పుడే కదిలే తోలు మీద దాని మాట నమ్ముతారు. బురుజు నేలమీద అద్దంలా నున్నటి రాయి ఒకటుంది. తాబేలును దానిమీద నిలబెట్టాడు. చదునైన రాయి మేకును పూర్తిగా పైకి తన్నాలి, ముల్లు అరవయ్యో గీత మీదికి పోవాలి. ముల్లు యాభై రెండు దగ్గర ఆగిపోయింది.

బొప్పన తాబేలును తిరగేశాడు. పాదాలకు పూసిన పసుపు ఎండి, రాయిలా గట్టిపడి, వేలి మందాన పేరుకుని ఉంది. గోటితో గీకితే పసుపు కింద మైనం. తాబేలు మడమలెత్తి నిలబడ్డట్టుంది. మరి మేకు కిందికి దిగకేం చేస్తుంది?

"ఇలాగే కొలిచి నలభై ఒకటికి బిగించి ఉంటే తోలు నిలువునా చినిగేది!" అని మైలమదేవి చెవిలో నోరు పెట్టి అరిచాడు. "దీన్ని మననుంచి లాక్కోలేడు కాబట్టి మన చేత్తోనే భేరిని చింపించాలని చూశాడు. ఆ అవ్వ వక్రనాభుడే, దొరసానీ!"

మైలమదేవి గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో, వాడి చల్ల తాగాను కదా నేను!"

"ఎలా ఉంది?"

"పులిసింది!"

బొప్పన ఉలి తీసి మైనం ఆనవాలు లేకుండా గీకేశాడు. మళ్లీ రాతిమీద పెట్టాడు. ముల్లు గిర్రున తిరిగి అరవై మీద నిలిచింది. మనిషికీ తాబేలుకూ నమ్మకం కుదిరింది.

ఇక పని. అంచునుంచి సరిగ్గా జానెడు లోపలికి, ప్రతి పగ్గానికి ఎదురుగా, బొగ్గుతో పన్నెండు చుక్కలు పెట్టాడు. అంచుకు దగ్గరైతే ముల్లు ఎక్కువ చూపిస్తుంది, దూరమైతే తక్కువ చూపిస్తుంది, పన్నెండు చోట్లా ఒకే దూరమైతేనే పన్నెండు లెక్కలూ ఒక లెక్క. రాకుమారి తాబేలును చుక్కమీద పెట్టి వేళ్లతో అంకె చూపించాలి, అతను చీలను కొయ్యసుత్తితో దిగగొట్టాలి. మొదటి చీల బిగించగానే ఆమె పక్క చుక్కకు పోబోయింది. అతను తల అడ్డంగా తిప్పి, ఎదుటి అంచువైపు చూపించాడు. ఒక పక్కనే బిగించుకుంటూ పోతే తోలు ఆ పక్కకే ఒరిగిపోతుంది. మంచానికి నులక లాగినట్టు ఇటొకటి, అటొకటి బిగించాలి. మొదటిదాని తర్వాత ఏడోది, నాలుగోదాని తర్వాత పదోది. రాకుమారి భేరి చుట్టూ పరుగెత్తింది. తలపాగా ఎటో పోయింది, మీసం ఎప్పుడో పోయింది. ముప్పై ఎనిమిది, సుత్తి. నలభై, సుత్తి. నలభై రెండు, కాస్త వదులు. ఒక చుట్టు అయ్యేసరికి ఎండెక్కి మొదటి చీల దగ్గర తోలు తనంతట తనే అర గీత బిగిసింది. మళ్లీ మొదటినుంచి. మూడో చుట్టుకు పన్నెండు చోట్లా ముల్లు నలభై ఒకటి మీద, గుళ్లో దేవుడిలా కదలకుండా నిలబడింది.

బొప్పన భేరికోల ఎత్తి ఒక్కటి వేశాడు.

శంఖాల మోతలో చెవికేమీ అందలేదు. అరికాళ్ల కింద బురుజు మాత్రం ఝుమ్మంది. మైదానంలో శిలల మీదినుంచి దుమ్ము ఒక్కసారిగా లేచింది. అంతే. దుమ్ము మళ్లీ కిందికి వాలింది. ఒక్క రాయీ కదలలేదు. నీడ జానెడుంది.

"ఆ చిలకనే తీసుకుని ఉంటే బాగుం..." అంది మైలమదేవి. ఆ మాటను పెదవుల కదలికలోనే పోల్చుకుని బొప్పన ఒక్క గెంతున పోయి రాకుమారి అన్న జంకు కూడా లేకుండా ఆమె నోరు మూశాడు. అప్పటికే ఆమె ఎడమకాలి బొటనవేలు బూడిదరంగుకు తిరిగింది. ఆ రంగు మడమ వైపు పాకుతోంది. ఆమె అతని చెయ్యి తోసేసి గొంతు చించుకుని, "తాబేలే మేలు! చిలక దేనికి, కూర పెట్టుకోనా? తాబేలే బంగారం!" అని అరిచింది. రంగు ఎక్కడిదక్కడ ఆగి, వెనక్కి తిరిగి, గోటి చివరనుంచి జారిపోయింది. లంబోష్ఠుడు ఎక్కడున్నా ఆ పొగడ్త విని పొంగిపోయే ఉంటాడు.

బొప్పన తోలు అంచును వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఎందుకు కుదరలేదో ఆ మందం చెప్పింది. తాతల నాటినుంచీ మేఘభేరికి కప్పింది దుప్పితోలు. నలభై ఒకటి ఆ పలుచని తోలుకు చెప్పిన లెక్క. తను కప్పింది దానికి రెండింతల మందమున్న దున్నతోలు. బరువైన తోలుకు బిగువు ఇంకా ఎక్కువ కావాలి. ఎంత ఎక్కువో తాబేలు చెప్పలేదు, చెవులు వినలేవు. కానీ కింద మూడువేల మంది నిలబడి ఉన్నారు. సరైన నాదం ఏదో వాళ్ల ఒళ్లే చెబుతుంది!

"పన్నెండూ ఒక్కొక్క గీత!" అని వేలు చూపించాడు. రాకుమారికి చప్పున అర్థమైంది.

నలభై రెండు. దెబ్బ పడింది. కింద గుర్రాల జూలు గాలికి కదిలింది, రాతి జూలు!

నలభై మూడు. మూడువేల గుర్రాల చెవులు, ఆరువేల చెవులు, ఒక్కసారి బురుజు వైపు తిరిగాయి. కోటగోడల మీద జనం ఎగిరి గంతులేశారు.

నలభై నాలుగు. వెనక వరసనుంచి రంగులు పారుకుంటూ వచ్చాయి. తెల్లగుర్రాలు తెల్లబడ్డాయి, ఎర్ర తలపాగాలు ఎర్రబడ్డాయి, డాళ్ల మీద ఎండ భగ్గున మెరిసింది. మహారాజు ఎక్కిన ఏనుగు తొండమెత్తి ఊపింది. మైలమదేవి, "నాన్నగారూ!" అని ఏడుస్తూ నవ్వింది. దాపులోనే మాటువేసిన భూతసైన్యం ఇది చూసి కకావికలై పరుగు లంకించుకుంది.

అయినా బొప్పన కళ్లు ముందు వరసలోనే ఉన్నాయి. బూడిద చల్లిన క్షణాన అందరికంటే ముందున్నవాడు గుండన. ఆ పిడికెడు బూడిదలో సగం అతని మీదే పడింది. అతని గుర్రం చెవులు మెదిలాయి. గుండన మాత్రం ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, రాయిలానే ఉన్నాడు. నీడ రెండు వేళ్ల వెడల్పుంది.

ఏడో చీల దగ్గర, దున్న వెన్ను మీది తోలు పడ్డచోట, అంచులో వెంట్రుకంత పగులు కనిపించింది. ఇంకొక్క గీత బిగిస్తే తోలు చినిగిపోతుంది. చినగకముందు ఒక్క దెబ్బకు ఓర్చుకోవచ్చు, ఓర్చుకోకపోవచ్చు. బొప్పన ఆ పగులును రాకుమారికి చూపించాడు. తర్వాత అన్నను చూపించాడు. భేరి అతనిది కాదు, రాజ్యానిది. నాలుగు తరాలుగా ఆ కోటకు గొంతు అదే. మళ్లీ అంత దున్నతోలు దొరుకుతుందో లేదో, రేపే మరో ఆపద వస్తుందో ఏమో. అతను చేతులు జోడించాడు.

మైలమదేవి అతని చెవి పట్టుకుని దగ్గరికి లాగింది. "తోలుదేముంది బొప్పనా, మళ్లీ బిగిస్తావు. మీ అన్నను మళ్లీ ఎక్కణ్ణుంచి తెస్తావు? కొట్టు!"

సరిగ్గా అప్పుడే బురుజు మీద చీకటి పడ్డట్టయింది. పందిళ్లంత రెక్కలు, పారల్లాంటి గోళ్లు, మనిషి కళ్లు ఉన్న రాబందు ఒకటి సూర్యుణ్ణి కప్పేస్తూ దూసుకొచ్చింది. అవ్వ వేషం చాలించిన వక్రనాభుడు! మైలమదేవి బురుజు కావలివాడి ఈటె లాక్కుని దానికి అడ్డుపడింది. రెక్క దెబ్బకు పడింది, లేచింది, మళ్లీ పొడిచింది. ఇక తాబేలూ బొప్పన చేతిలోనే, సుత్తీ బొప్పన చేతిలోనే. ఇటొకటి, అటొకటి. పెట్టడం, చూడటం, కొట్టడం. పదకొండు చీలలు దిగాయి. చివరికి మిగిలింది పగులున్న ఏడోదే. సుత్తి ఎత్తగానే రాబందు ముక్కుతో దాన్ని పట్టి లాగి బురుజు కిందికి విసిరేసింది. బొప్పన భేరికోలను తలకిందులు చేసి దాని పిడితోనే చీలను పొడిచి దించాడు. ముల్లు మెల్లగా పాకి నలభై ఐదు మీద నిలిచింది. నీడ దారమంత ఉంది.

అతను భేరి అంచు మీదికెక్కి, రెండు చేతులా కోల ఎత్తి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు.

తోలు ఈ చివరనుంచి ఆ చివరకు చీలిపోయింది. కానీ చీలేముందు పలికింది. ఆ నాదానికి రాబందు రెక్కలు ముడుచుకుని బంతిలా దొర్లి బురుజు అవతల పడింది. కోట చుట్టూ రాతిశంఖాలు ఒకదాని వెంట ఒకటి పెంకులు పెంకులుగా పగిలిపోయాయి. నూరోది కూడా పగిలింది. శంఖాలు నాటాక మొదటిసారిగా తామ్రగిరిలో నిశ్శబ్దం ఆవరించింది. ఎంత నిశ్శబ్దమంటే, కోటలో ఎక్కడో ఊయలలో పసిబిడ్డ ఏడుపు బురుజు మీదికి వినపడింది.

ఆ నిశ్శబ్దంలో, కింది మైదానం నుంచి, ఖంగుమంటూ ఒక గొంతు లేచింది.

"ఎవడ్రా అది, తోలు చినిగేదాకా బాదింది? సుత్తి పట్టడం నేర్పిందెవడ్రా నీకు?"

భుజం మీది కాకి హడలి ఎగిరిపోయింది. గుండన ఎత్తిన చెయ్యి దించి, తల పైకెత్తి చూస్తున్నాడు.

"నువ్వే అన్నా!" అని అరిచాడు బొప్పన. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు. "నువ్వే నేర్పావు!"

మూడువేల మంది ఒక్కసారి గొల్లున నవ్వారు. ఏనుగు మీద మహారాజు కూడా నవ్వాడు. కోటగోడల మీద జనం చెవుల్లో దూది పీకి గాల్లోకి ఎగరేశారు. మైలమదేవి ఈటె మీద ఆనుకుని, చెదిరిన జుట్టుతో, చినిగిన చొక్కాతో నిలబడి, తన జన్మలో ఇంత అందమైన తిట్టు వినలేదనుకుంది.

"రాబందు! రాబందు లేచింది!" అని కావలివాళ్లు కేకపెట్టారు. ఒక రెక్క ఈడ్చుకుంటూ వక్రనాభుడు నేలబారుగా తూర్పు దిక్కుకు ఎగిరిపోతున్నాడు. బొప్పన తాబేలును నడుముకు కట్టుకుని, మెట్లు దిగే ఓపిక లేక భేరినుంచి ఊడిన పగ్గం పట్టుకుని బురుజు మీదినుంచి జారాడు. గుండన గుర్రాన్ని గోడకిందికి తోలుకొచ్చి, తమ్ముణ్ణి గాల్లోనే అందుకుని వెనక కూచోబెట్టుకున్నాడు. ముందు నెత్తిన ఒక మొట్టికాయ వేశాడు. తర్వాత ఆ తలనే గట్టిగా తన భుజానికి అదుముకున్నాడు.

"దున్నతోలు కప్పావట్రా?"

"దుప్పితోలు దొరకలేదన్నా."

"ఎంతకు బిగించావు?"

"ఈ తాబేలు లెక్కన నలభై ఐదు. నలభై నాలుగుకే అంచు పగిలింది."

"నేనైతే నలభై నాలుగు దగ్గర ఆగిపోయేవాణ్ణి" అన్నాడు గుండన, గుర్రం డొక్కలో మడమలు నొక్కుతూ.

వెనక మూడువేల గుర్రాలు కదిలాయి. వాటి ముందు మైలమదేవి తెల్లగుర్రం మీద, విరబోసుకున్న జుట్టు జెండాలా ఎగురుతుండగా దూసుకొచ్చి అన్నదమ్ముల పక్కన చేరింది. దూరాన వక్రనాభుడు దాగే నల్లకొండ చీలి, ఎర్రటి వెలుగులు కక్కుతూ నోరు తెరిచింది. రాబందు అందులోకి దూరింది. కొండ మళ్లీ నోరు మూసుకోసాగింది. సగం మూసుకుంది, ముప్పాతిక మూసుకుంది. గుర్రం పట్టేంత సందు మాత్రమే మిగిలింది.

గుండన కళ్లెం లాగలేదు.